ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలకు ఏపీడీ పరీక్ష: అపోహలు - వాస్తవాలు

ఏడీహెచ్‌డీ అంటే ధ్యాస, కుదురు నిలవని సమస్య. ఏపీడీ అంటే చెవికి శబ్దం వినపడుతున్నా, దాన్ని మెదడు సరిగ్గా ఏరుకోలేకపోవడం.

అపోహ: ఆడియోగ్రామ్ నార్మల్ వచ్చింది, ఇక వినడంలో ఇబ్బందే లేదు.

వాస్తవం: ఎంత చిన్న శబ్దం వినపడుతోందో ఆడియోగ్రామ్ చెబుతుంది, అంతే. ఫ్యాన్ల హోరులో, పక్కపిల్లల కబుర్ల మధ్య టీచరు మాటను మెదడు ఎలా ఏరుకుంటోందో అందులో కనపడదు. దానికి వేరే పరీక్షలున్నాయి. ఒక్కో చెవిలో వేర్వేరు అంకెలు ఒకేసారి వినిపిస్తాం, శబ్దం మధ్య చిన్న ఖాళీని పట్టుకోమంటాం, హెచ్చు తగ్గు స్వరాల వరస చెప్పమంటాం, రొదలో మాటలు వినిపిస్తాం.

అపోహ: ఆ పరీక్షల్లో మార్కులు తగ్గితే ఏపీడీయే.

వాస్తవం: ఈ తొందరపాటు నన్ను చాలా బాధపెడుతుంది. వీటిలో ప్రతి పరీక్షకూ ధ్యాస కావాలి. 2010లో బ్రిటన్‌లో 6 నుంచి 11 ఏళ్ల పిల్లలు 1,469 మందిపై వచ్చిన అధ్యయనం కూడా ఈ ఇబ్బందుల్లో శ్రద్ధ పాత్రే పెద్దదని తేల్చింది. అందుకే నేను మొత్తం స్కోరు కంటే తప్పులు పడిన తీరు చూస్తాను. మొదట బాగా చెప్పి పోనుపోను జారిపోతే, విరామం ఇచ్చాక మళ్లీ పుంజుకుంటే, అన్ని పరీక్షల్లోనూ ఒకేలా తడబడితే శ్రద్ధనే అనుమానిస్తాను. మిగతావన్నీ బాగుండి ఒకే రకం పరీక్షలో, లేదా ఒకే చెవిలో, మళ్లీ చేసినా అదే లోటు కనిపిస్తే అప్పుడు ఏపీడీ వైపు ఆలోచించాలి. అయితే చిన్న వయసులో అంకెల పరీక్షలో ఎడమ చెవి కాస్త వెనకబడటం మామూలే, వయసుకు తగిన ప్రమాణంతోనే పోల్చాలి. ఏడీహెచ్‌డీ, ఏపీడీ రెండూ కలిసి ఉండే పిల్లలూ ఉన్నారు.

అపోహ: పరీక్ష రోజు ఏడీహెచ్‌డీ మందు ఆపాలి.

వాస్తవం: వద్దు. డాక్టరు రాసిన మందు రోజూలాగే వేసి, నిద్ర, టిఫిను సరిగ్గా అయ్యాక ఉదయంపూట తీసుకురండి. మందు పనిచేస్తున్నప్పుడు చేసిన పరీక్షే నమ్మదగ్గది.

అపోహ: ఇంగ్లీష్ మీడియం పిల్లలకు ఇంగ్లీషులో చేస్తే చాలు.

వాస్తవం: ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు ఇంగ్లీషు మాటలు తప్పు చెబితే అది భాష సమస్యో వినికిడి సమస్యో తేలదు. తెలుగు మాటలతో పరీక్ష ఉందా అని ముందే అడగండి. స్వరాలు, ఖాళీల పరీక్షలకు భాషతో పని లేదు.

అపోహ: ఎంత చిన్న వయసులో చేయిస్తే అంత మంచిది.

వాస్తవం: సాధారణంగా ఏడేళ్లు నిండాక. అంతకుముందు ఫలితాలు మరీ ఊగిసలాడతాయి. కానీ మధ్య చెవిలో నీరు చేరిందేమో చూడటానికి వయసుతో పని లేదు, అది ఇప్పుడే చేయించండి.

అపోహ: రిపోర్టు వచ్చేదాకా ఏమీ చేయలేం.

వాస్తవం: ముందు బెంచీలో కూర్చోబెట్టమని టీచరును అడగండి. పిల్లవాడి ముఖం మన వైపు తిప్పుకున్నాకే, ఒక్కసారికి ఒక్క పని చెప్పండి. హోంవర్కు బోర్డు మీద రాయించండి. కారణం ఏదని తేలినా ఇవి పనికొస్తాయి.