వెనుక డోర్ లేని కారుకు వెనుక స్పీకర్లు: అపోహలు – వాస్తవాలు

నాలుగు డోర్ల కారులో స్పీకర్ మార్చడం పెద్ద పనేమీ కాదు. డోర్ ప్యాడ్ ఊడదీస్తే కంపెనీ ఇచ్చిన రంధ్రం, వైర్లు తగిలించే కప్లర్ రెండూ దొరుకుతాయి. జిప్సీ, పాత సియెరా, మూడు డోర్ల థార్, కామెట్ లాంటి బండ్లలో వెనుక సీటుకు పక్క డోరే ఉండదు. 2020లో వచ్చిన థార్‌లో కంపెనీ కూడా పక్క ప్యానెల్‌ను వదిలేసి పైన, రూఫ్ దగ్గర స్పీకర్లు బిగించింది. బయట కొత్త జత వేయించుకునేవాళ్లకు మాత్రం ఎక్కువగా వెనుక సీటు పక్కనున్న ప్యానెలే గతి. హనుమకొండ, కాజీపేట వైపు ఈ పని గురించి వినిపించే మాటలు, వాటిలో నిజమెంతో కింద చూడండి.

అపోహ: "ప్యానెల్ ఎనుక అంతా ఖాళీనే అన్నా, జిగ్‌సాతో కోసేస్తే అయిపోతది."

అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట ఇదే. ఆ ప్యానెల్ వెనుక సీటు బెల్టు రీలు, చక్రం మీది వంపు రేకు (వీల్ ఆర్చ్), టెయిల్ ల్యాంప్ వైరింగ్ ఉంటాయి. ఒక పక్కన పెట్రోలో డీజిలో పోసే గొట్టం, దాని వెంట గాలి పైపు కూడా దిగుతాయి. పైనుంచి అందాజాగా కోస్తే బ్లేడు ఆ గొట్టాన్నే తాకొచ్చు. కామెట్ కరెంటు బండి కాబట్టి గొట్టం గొడవ లేదు. అయితే ఏ కరెంటు బండిలోనైనా నారింజ రంగు తొడుగున్న కేబుల్ హై వోల్టేజ్‌ది, దాని జోలికి పోవద్దు.

పని ఇలా సాగాలి. ముందు బ్యాటరీ మైనస్ తీసి, ఎయిర్‌బ్యాగులున్న బండి అయితే మాన్యువల్‌లో రాసినంత సేపు ఆగాలి. తర్వాత వెనుక సీటు కింది భాగం, డోర్ గడప మీది ప్లాస్టిక్ పట్టీ, డోర్ రబ్బరు అంచు, సీటు బెల్టు కింది బోల్టు వరుసగా విప్పితే ప్యానెల్ వదులవుతుంది. క్లిప్పులను స్క్రూడ్రైవర్‌తో కాకుండా ప్లాస్టిక్ పట్టీతో లేపాలి, ఎండకు ఎండిన పాత క్లిప్పు ఇట్టే విరుగుతుంది. ఆరేడు కొత్త క్లిప్పులు ముందే తెచ్చి పెట్టుకోవడం మేలు. తిరిగి బిగించేటప్పుడు బెల్టు బోల్టును మాన్యువల్ చెప్పిన టార్క్‌కే (బిగింపు కొలతకే) బిగించాలి, "గట్టిగానే ఉంది" అని చేతి అంచనాకు వదిలేసే బోల్టు కాదది.

ప్యానెల్ చేతికి వచ్చాక లోతు కొలవాలి. ఆరున్నర అంగుళాల స్పీకర్‌కు చాలావరకు 50 నుంచి 70 మిల్లీమీటర్ల లోతు కావాలి. స్పీకర్ లోతుకు ఇంకో 5 మిల్లీమీటర్లు కలిపినంత చోటు మాగ్నెట్ వెనుక ఉండాలి. ఎడమ కొలత కుడికి పనికిరాదు, గొట్టం ఒక పక్కనే ఉంటుంది కదా. చోటు చాలకపోతే 12 లేదా 18 మిల్లీమీటర్ల స్పేసర్ రింగ్ వేయాలి, అదీ కుదరకపోతే నాలుగు అంగుళాలకు దిగాలి. రింగ్‌కు మామూలు ఎండీఎఫ్ (చెక్క పొట్టు పలక) వద్దు. వానాకాలంలో చెమ్మ తగిలి ఉబ్బుతుంది, స్క్రూ పట్టు వదిలేస్తుంది. వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ కోసి, అంచులకు పెయింట్ కొట్టాలి. సైజు ఒకటే అయినా కోత ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది, స్పీకర్ డబ్బాలో వచ్చిన అట్ట కొలతనే నమ్మాలి. ఇనుము కోయాల్సి వస్తే అంచు ఆకురాయితో రుద్ది ప్రైమర్ వేయాలి, లేకపోతే తుప్పు అక్కడే మొదలవుతుంది. పిల్లర్ మీద గానీ రూఫ్ అంచున గానీ ఎయిర్‌బ్యాగ్ అని ముద్ర ఉంటే అక్కడ ఒక్క స్క్రూ కూడా దించకూడదు.

అపోహ: "ఎనుక స్పీకర్ పడితే బేస్ దద్దరిల్లుతది."

స్పీకర్ కోన్ ముందుకు ఎంత గాలి నెడుతుందో వెనక్కి అంతే లాగుతుంది. ముందు శబ్దం, వెనుక శబ్దం కలిస్తే లో నోట్లు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఆ రెంటినీ విడదీసేది ప్యానెలే. సన్నటి ప్లాస్టిక్ ట్రిమ్‌కే స్పీకర్ బిగించి, చుట్టూ సందులు వదిలేస్తే ఎంత ఖరీదైన జతైనా డబ్బా రేకులా మోగుతుంది. అందుకే రింగ్‌ను ఇనుప బాడీకి బిగించాలి, రింగ్‌కూ ఇనుముకూ మధ్య, స్పీకర్‌కూ రింగ్‌కూ మధ్య ఫోమ్ టేపు వేయాలి. ఇనుములో ఉన్న పెద్ద రంధ్రాలు మూయాలి. రెండింటిని మాత్రం వదిలేయాలి: అడుగున నీళ్లు కారే రంధ్రాలు, బంపర్ వైపు గాలి బయటికి పోయే రబ్బరు రెక్కలు. మొదటివి మూస్తే తుప్పు పడుతుంది. రెండోవి మూస్తే డోర్ వేసేటప్పుడు గాలి అడ్డుపడుతుంది, అద్దాలు మసకబారతాయి.

ఇవన్నీ చేసినా, రెండు డోర్ల కారులో వెనుక స్పీకర్ కూర్చున్నవాళ్ల మోచేతి దగ్గరే ఉంటుంది. దాన్నుంచి ఊఫర్ బేస్ ఆశించొద్దు. మ్యూజిక్ సెట్టులో హై పాస్ ఫిల్టర్ (లో నోట్లను ఆపే సెట్టింగ్) ఉంటే వెనుక జతను 80 నుంచి 100 హెర్ట్జ్ దగ్గర కోయాలి. ముందు, వెనుక జతలకు శబ్దాన్ని పంచే ఫేడర్‌ను కొంచెం ముందుకే ఉంచితే పాట ఎదురుగా వినిపిస్తుంది. డబ్బులు ఒక జతకే ఉంటే మా సలహా ముందు జతే మార్చుకోమని.

అపోహ: "సెట్టు మీద 50 వాట్లు ఇంటూ 4 అని రాసుంది, యాంప్ ఎందుకు?"

ఇంజిన్ నడిచేటప్పుడు బ్యాటరీ వోల్టేజ్ సుమారు 14.4. దాన్ని దానితోనే గుణించి, స్పీకర్ రెసిస్టెన్స్ అయిన 4 ఓంలతో భాగిస్తే 51.84. ఆ 50 వాట్లు వచ్చింది ఇక్కడినుంచే. శబ్దం పూర్తిగా చితికి (డిస్టార్ట్ అయి), దాని అల నలుచదరమైనప్పుడు వచ్చే అంకె అది. చితకని శబ్దానికి అందులో సగమే, సెట్టు లోపలి యాంప్ చిప్ (ఐసీ) తినేది పోతే ఛానల్‌కు, అంటే ఒక్కో స్పీకర్ లైనుకు, 20 వాట్లకు అటూఇటూ మిగులుతాయి. అందుకే యాంప్ లేకుండా వాడేవాళ్లు డబ్బా మీది 300 వాట్లు చూడకుండా, సెన్సిటివిటీ (అదే పవర్‌కు ఎంత గట్టిగా మోగుతుందో చెప్పే అంకె) 90 డెసిబెల్స్ పైన ఉన్న జత ఎంచుకోవాలి. 3 డెసిబెల్స్ ఎక్కువుంటే యాంప్ పవర్ రెట్టింపు చేసినంత లాభం. వాల్యూమ్ చివరిదాకా తిప్పి ఆ చితికిన శబ్దంతోనే మేడారం దాకా పోతే మొదట మాడేది ట్వీటర్, అంటే సన్నటి శబ్దాల చిన్న స్పీకర్.

అపోహ: "ఎనుక వైర్లు లేకుంటే ముందు స్పీకర్‌కే కలిపేయొచ్చు."

4 ఓంల స్పీకర్లు రెండు ఒకే ఛానల్‌కు పక్కపక్కన కలిపితే 2 ఓంలవుతుంది. చాలా సెట్లు దాన్ని ఓర్చుకోవు, వేడెక్కి ఆగిపోతాయి. తక్కువ రకం బండ్లలో వెనుక వైర్లు లాగకపోయినా సెట్టు వెనుక పిన్నులు ఉండే అవకాశం ఉంది, ముందు అక్కడ వెతకాలి. బయట కొన్న సెట్టులో ఆకుపచ్చ వెనుక ఎడమకు, ఊదా వెనుక కుడికి. నల్ల చార ఉన్నది మైనస్. ఆ మైనస్‌ను "బాడీ ఎర్త్" చేయడం ఇంకో పాత అలవాటు. ఇప్పటి సెట్లలో స్పీకర్ మైనస్‌లోనూ వోల్టేజ్ ఉంటుంది, బాడీకి తగిలితే ఐసీ పోతుంది.

అపోహ: "వైర్ ఎంత మందం అయితే సౌండ్ అంత."

1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు 5 మీటర్లు లాగితే, పోను రాను కలిపి రెసిస్టెన్స్ 0.12 ఓం. 4 ఓంల ముందు అది 3 శాతం. చెవికి తేడా తెలియదు. మందం కన్నా లోహం చూడాలి: బ్లేడుతో గీకితే లోపల తెల్లగా కనిపించేది రాగి పూత పూసిన అల్యూమినియం.

అసలు చిక్కు దారిలో ఉంది. వెనుక ఎవరు ఎక్కినా దిగినా ముందు సీటు జరగాల్సిందే. సీటు జరిగే పట్టా పక్కన కార్పెట్ కింద పరిచిన వైరు కొన్నాళ్లకు నలిగి బాడీకి తగులుతుంది. గడప పట్టీ కిందుగా, గొట్టపు తొడుగులో పోనిచ్చి, జానెడుకో జిప్ టై వేయాలి. అతుకులు మెలిపెట్టి టేపు చుడితే మే ఎండకు జిగురు కారిపోతుంది. సోల్డర్ చేసి హీట్ ష్రింక్ స్లీవ్ తొడగాలి. ఎండ మాటొచ్చింది కాబట్టి ఇంకోటి: 45 డిగ్రీలు తాకే రామగుండం లాంటి చోట రేకు అదరకుండా వేసే తారు షీట్లు అంటించొద్దు, కారుతాయి, వాసనొస్తాయి. 2 మిల్లీమీటర్ల బ్యూటైల్ (రబ్బరు లాంటి) షీటు వేసి రోలర్‌తో ఒత్తాలి. ప్యానెలంతా పరవనక్కర్లేదు, అదిరే రేకు మధ్యన మూడో వంతు చాలు.

అపోహ: "కోయడమెందుకు, వెనుక ట్రే మీద స్పీకర్ల డబ్బా పెడితే చాలదా?"

బిగించని డబ్బా సడన్ బ్రేకుకు నేరుగా తలల మీదికి వస్తుంది. పెట్టాలనుకుంటే ఇనుప బాడీదాకా బోల్టు వేసి పెట్టాలి, అద్దంలో వెనుక బండి కనిపించేటంత కిందికే ఉండాలి.

ప్యానెల్ మూసే ముందు వైర్లను సెట్టు నుంచి విడదీసి మల్టీమీటర్ పెట్టండి. 4 ఓంల స్పీకర్ 3.2 నుంచి 3.8 దాకా చూపాలి, ఏ వైరుకూ బాడీకీ మధ్య కనెక్షన్ చూపకూడదు. 1.5 వోల్టుల సెల్లు స్పీకర్ వైర్లకు ఒక్క క్షణం తాకిస్తే, ప్లస్ ప్లస్‌కే ఉంటే కోన్ బయటికి వస్తుంది. ఒకటి బయటికి, ఇంకోటి లోపలికి పోతే ఒక వైపు వైర్లు తారుమారయ్యాయన్నట్టే. ఇక సీటును ఈ చివరి నుంచి ఆ చివరికి పదిసార్లు జరిపి, బెల్టు పూర్తిగా లాగి వదిలి, మళ్లీ మల్టీమీటర్ చూసి అప్పుడు క్లిప్పులు నొక్కండి.