గాజు పెంకు గుచ్చుకుందని చెప్పిన రాత్రి: మేగన్ దీ స్టాలియన్ కథకు ముందూ వెనకా

హాలీవుడ్ హిల్స్ కొండదారిలో, ఇంకా తెల్లవారకముందే పోలీసులు ఒక కారును ఆపారు. అందులోంచి పొడవాటి అమ్మాయి చేతులు పైకెత్తి దిగింది. వాళ్లు చెప్పినట్టే వెనక్కి వెనక్కి నడిచింది. కుంటుతోంది. అడుగు తీసిన చోటల్లా రోడ్డు మీద నెత్తుటి ముద్ర పడుతోంది. రెండేళ్ల తర్వాత కోర్టులో జ్యూరీ ముందు వేసిన వీడియోలో కనిపించింది ఇదే. కాళ్లకు ఏమైందని ఆ రాత్రి పోలీసులు అడిగితే, గాజు పెంకు గుచ్చుకుందని చెప్పింది. ఆ అమ్మాయి మేగన్ దీ స్టాలియన్, అమెరికా ర్యాపర్. అది 2020 జులై 12. ఆ పాదాల్లో దిగినవి తూటా ముక్కలు.

ఆ ఒక్క మాట ఆమెను ఏళ్ల తరబడి వెంటాడింది. నిజమే అయితే ఆ రోజే ఎందుకు చెప్పలేదు? ఈ ప్రశ్న మనకు కొత్తదేం కాదు, మన ఊళ్లలోనూ దెబ్బ తిన్న ఆడపిల్లను ముందు అడిగేది ఇదే. మేగన్‌ను ఈ ప్రశ్న అడిగినవాళ్లు లక్షల్లో ఉన్నారు. జవాబు వినే ఓపిక ఉన్నవాళ్లు మాత్రం చాలా తక్కువ. ఆ జవాబు ఆ ఒక్క రాత్రిలో దొరకదు. అంతకు ఏడాది ముందు, ఆమె తల్లి పోయిన నెల దాకా వెనక్కి వెళ్లాలి. ర్యాప్ ప్రపంచం ఆడవాళ్లతో ఎలా నడుచుకుందో చూడాలంటే అక్కణ్నుంచి ఇంకో మూడు దశాబ్దాలు వెనక్కి వెళ్లాలి.

మేగన్ జోవాన్ రూత్ పీట్ 1995 ఫిబ్రవరి 15న టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో పుట్టింది. పెరిగింది హ్యూస్టన్‌లో, సౌత్ పార్క్ అనే నల్లజాతి పేటలో. హ్యూస్టన్ అంటే మన తెలుగువాళ్లకు ఆయిల్ కంపెనీలు, నాసా, మెడికల్ సెంటర్, అక్కడ స్థిరపడ్డ చుట్టాలు గుర్తొస్తారు. ర్యాప్ వినేవాళ్లకు ఆ ఊరు వేరు. డీజే స్క్రూ ఇంట్లో కూర్చుని పాటల వేగం తగ్గించి, క్యాసెట్లకెక్కించి, ఇంటి దగ్గరే అమ్మిన ఊరు అది. న్యూయార్క్, లాస్ ఏంజెలెస్ పెద్దగా పట్టించుకోకపోయినా తన యాసను, తన పాటను తనే నిలబెట్టుకుంది.

మేగన్ తల్లి హోలీ థామస్ కూడా ర్యాపరే, హోలీ-వుడ్ అన్న పేరుతో పాడేది. కూతుర్ని డేకేర్‌లో వదలకుండా తనతోపాటు స్టూడియోకి తీసుకెళ్లేది. బీట్ మీద మాట ఎక్కడ పడాలో, ఎక్కడ ఆగాలో ఆ పిల్ల వింటూనే నేర్చుకుంది. తండ్రి మాత్రం మేగన్‌కు ఎనిమిదేళ్లు వచ్చేదాకా జైల్లోనే ఉన్నాడు. బయటికొచ్చాక కూతురికి దగ్గరయ్యాడు. ఆమె హైస్కూల్లో ఉండగానే చనిపోయాడు.

నేనూ ర్యాప్ చేస్తానని పద్దెనిమిదేళ్లప్పుడు అమ్మతో చెప్పింది. ఆమె రాసుకున్న పచ్చి మాటలు విన్న తల్లి, ఇరవై ఒకటి నిండేదాకా ఆగమంది. ఈలోగా 2013లో, ప్రెయిరీ వ్యూ ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీలో చదువుతుండగా, ఒక సైఫర్ వీడియోలో కనిపించింది. సైఫర్ అంటే ర్యాపర్లు గుమిగూడి ఒకరి తర్వాత ఒకరు అప్పటికప్పుడు మాట కట్టి విసురుకోవడం. మన అవధానంలో పృచ్ఛకుల ముందు తడబడకుండా నిలబడాలి కదా, ఇక్కడా ఆ బెదురులేనితనమే కావాలి. అబ్బాయిల మధ్య నిలబడి గుక్క తిప్పుకోకుండా అందుకున్న ఈ పిల్ల వీడియో ఫోన్ల నుంచి ఫోన్లకు పాకింది. మనిషి పొడుగు ఐదడుగుల పది అంగుళాలు. చిన్నప్పటి నుంచి జనం పిలిచిన ‘స్టాలియన్’ (మేలుజాతి మగగుర్రం) అన్న మాటనే పేరుగా తగిలించుకుంది. తల్లి మేనేజరైంది.

2018 మొదట్లో హ్యూస్టన్‌లోనే ఉన్న 1501 సర్టిఫైడ్ ఎంటర్‌టైన్‌మెంట్ అనే చిన్న లేబుల్‌తో, అంటే పాటల రికార్డింగ్ కంపెనీతో, కాంట్రాక్ట్ కుదిరింది. దాని యజమాని మాజీ బేస్‌బాల్ ఆటగాడు కార్ల్ క్రాఫర్డ్. ఆ ఏడాది జూన్‌లో ‘టీనా స్నో’ అనే పాటల సంకలనం వచ్చింది. టెక్సస్ ర్యాపర్ పింప్ సీకి ‘టోనీ స్నో’ అన్న మారుపేరు ఉండేది, దానికి ఆడరూపం ఇది. మగవాళ్లు దశాబ్దాలుగా ఆడవాళ్ల గురించి ఎంత ధీమాగా పాడారో, అంతే ధీమాగా తాను మగవాళ్ల గురించి పాడతానని పేరుతోనే చెప్పేసింది. ఆ పాటల్లో భాష చాలామందికి మింగుడుపడదు. నాకూ కొన్ని చోట్ల ఇబ్బందిగానే ఉంటుంది. కానీ ఆ మాటల వరస, ఊపిరి మీద ఆమెకున్న పట్టు, అక్షరం అక్షరం విడివిడిగా వినిపించే స్పష్టత, ఇవి ఏళ్ల సాధన లేనిదే రావు.

2018 నవంబర్‌లో 300 ఎంటర్‌టైన్‌మెంట్ అనే పెద్ద కంపెనీ చేయి కలిపింది. దారి పడింది అనుకుంటుండగానే, 2019 మార్చిలో తల్లి బ్రెయిన్ ట్యూమర్‌తో చనిపోయింది. అదే నెలలో కుటుంబంలోని మరో పెద్దావిడ కూడా పోయింది. ఇరవై నాలుగేళ్లకే అమ్మానాన్న ఇద్దరూ లేరు. పోయింది తల్లి మాత్రమే కాదు. ఆమె మేనేజరు, మొదటి శ్రోత, ఎవరిని నమ్మాలో ఎవరిని నమ్మకూడదో చెప్పే మనిషి కూడా ఆమే. ఇక్కడి నుంచి మేగన్ జీవితం రెండు పాయలుగా నడిచింది. బయట పేరు పెరుగుతూ పోయింది, లోపల దిక్కు తగ్గుతూ పోయింది. ఆ ఏడాది వేసవిలో ‘హాట్ గర్ల్ సమ్మర్’ అన్న ఆమె మాట అమెరికా అంతటా ఊతపదమైంది. ఎవరేమనుకున్నా తనకు నచ్చినట్టు తాను సంతోషంగా ఉండటమే ఆ మాటకు ఆమె చెప్పిన అర్థం. ఆ మాట నలుగురి నోళ్లలో నానేటప్పటికి తల్లి పోయి ఆర్నెల్లు కూడా కాలేదు.

కాంట్రాక్ట్ గొడవ ఆ తర్వాత పైకొచ్చింది. ర్యాపర్ జే-జీ స్థాపించిన రాక్ నేషన్ కంపెనీ ఆమె మేనేజ్‌మెంట్ చేపట్టాక, అక్కడి లాయర్లు ఆ కాగితాలు చదివి చెబితేగానీ తాను దేనికి సంతకం పెట్టిందో పూర్తిగా అర్థం కాలేదని ఆమె చెప్పింది. 2020 మార్చిలో వేసిన దావా ప్రకారం రికార్డింగ్ ఆదాయంలో 60 శాతం లేబుల్‌ది. మిగిలిన 40 శాతంలోంచే ఇంజనీర్లకు, మిక్సింగ్ చేసినవాళ్లకు, తన పాటలో పాడిన అతిథులకు ఆమె డబ్బివ్వాలి. ఈ ఆరోపణలను క్రాఫర్డ్ కొట్టిపారేశాడు. కోర్టు తాత్కాలిక ఉత్తర్వు ఇస్తేగానీ ఆ నెలలో ఆమె కొత్త పాటలు బయటికి రాలేదు. అందులోని ‘సావేజ్’కు బియాన్సే గొంతు కలిపిన రీమిక్స్ మే నెలలో అమెరికా పాటల ర్యాంకుల పట్టిక బిల్‌బోర్డ్ హాట్ 100లో మొదటి స్థానానికి చేరింది. దానిమీద వచ్చిన డబ్బును హ్యూస్టన్‌లో కోవిడ్ సాయానికి ఇచ్చారు.

ఆ తర్వాత రెండు నెలలకే ఆ రాత్రి.

ఒక పార్టీ నుంచి కారులో తిరిగొస్తుండగా మాటా మాటా పెరిగింది. కారు దిగి నడిచిపోతున్న తన కాళ్ల మీద కెనడా గాయకుడు టోరీ లేనెజ్ కాల్చాడని, కాలుస్తూ డ్యాన్స్ చెయ్యమని అరిచాడని ఆమె చెప్పింది. మరి పోలీసులకు ఎందుకు చెప్పలేదు? ఆగస్టులో ఇన్‌స్టాగ్రామ్ లైవ్‌లో ఆమె ఇచ్చిన జవాబు సూటిగానే ఉంది. కారులో తుపాకీ ఉంది, లోపల ఉన్నది నల్లవాళ్లు, బయట పోలీసులు తుపాకులు గురిపెట్టారు. తుపాకీ మాట ఎత్తితే అందర్నీ కాల్చేస్తారేమోనని భయపడింది. జార్జ్ ఫ్లాయిడ్‌ను మినియాపోలిస్ పోలీసు మెడమీద మోకాలేసి చంపింది ఆ ఏడాది మే 25న. అంటే అప్పటికి ఏడు వారాలే. తనను కాల్చినవాడి ప్రాణం కూడా దక్కాలనే తాను అబద్ధమాడానని ఆమె చెబుతుంటే, చాలామంది ఆ మాటలో అబద్ధాన్ని మాత్రమే విన్నారు.

భయం ఒక్కటే కాదు, ర్యాప్ లోకంలో ఒక కట్టుబాటు కూడా ఉంది. ఎవరేం చేసినా పోలీసులకు చెప్పకూడదు, చెప్పినవాళ్లు వెలి. న్యూయార్క్ ర్యాపర్ లిల్ కిమ్ ఈ కట్టుబాటుకే బలైంది. 2001లో న్యూయార్క్‌లో హాట్ 97 రేడియో స్టేషన్ బయట జరిగిన కాల్పుల్లో తనవాళ్ల గురించి గ్రాండ్ జ్యూరీ (కేసు పెట్టాలో వద్దో తేల్చే పౌరుల బృందం) ముందు అబద్ధం చెప్పింది. దానికి 2005లో ఏడాది మీద ఒకరోజు జైలుశిక్ష పడింది. ఆమె నోరు విప్పక శిక్ష అనుభవించింది, మేగన్ నోరు విప్పి అనుభవించింది.

ఇంకా పాత కథ డీ బార్న్స్‌ది. 1991 జనవరిలో హాలీవుడ్‌లో ఒక పార్టీలో, ర్యాపరూ టీవీ వ్యాఖ్యాతా అయిన ఆమెను పేరున్న ర్యాపర్ డాక్టర్ డ్రే కొట్టాడు. కేసులో అతను అభియోగాన్ని ఎదిరించలేదు. జరిమానా, సమాజసేవ, ప్రొబేషన్‌తో బయటపడ్డాడు. తర్వాత అతను సంగీత వ్యాపారంలో మహా సంపన్నుడయ్యాడు, ఆమెకు మాత్రం తలుపులు మూసుకుపోయాయి. తాను బాధపెట్టిన ఆడవాళ్లకు క్షమాపణ అని అతను బహిరంగంగా చెప్పడానికి 2015 దాకా పట్టింది. ఇరవై నాలుగేళ్లు! దెబ్బ తిని నోరు విప్పిన మనిషికి పనులు ఆగిపోవడం, కొట్టినవాడి పాటలు ఆగకపోవడం మేగన్‌తో మొదలు కాలేదు.

ఆమెకు జరిగిందీ ఇదే దారిలో సాగింది. ఎక్స్‌రేలు ఉన్నా కాల్పులే జరగలేదన్నారు. మీమ్‌లు చేశారు, జోకులేశారు. లేనెజ్ 2020 సెప్టెంబర్‌లో ఆ సంఘటన మీదే ఒక ఆల్బమ్ విడుదల చేసి, తాను కాల్చలేదని పాడాడు. అక్టోబర్‌లో మేగన్ న్యూయార్క్ టైమ్స్‌లో నల్లజాతి స్త్రీల రక్షణ గురించి వ్యాసం రాసింది. విచారణ మొదలయ్యే ముందు నెల, 2022 నవంబర్‌లో, ర్యాపర్ డ్రేక్ పాటలో వచ్చిన ఒక చరణాన్ని విన్నవాళ్లు ఆమెకు తగిలించిన ఎత్తిపొడుపుగానే అర్థం చేసుకున్నారు. ఆమె కూడా అలాగే తీసుకుని గట్టిగా బదులిచ్చింది.

ఇదే కాలంలో ఆమె పనిలో సాధించింది చూస్తే ఆశ్చర్యమేస్తుంది. కాల్పులు జరిగిన నెలలోపే, ర్యాపర్ కార్డీ బీతో కలిసి పాడిన పాట విడుదలైంది, నేరుగా నంబర్ వన్‌లో దిగింది. 2021 మార్చిలో గ్రామీ వేదిక మీద మూడు అవార్డులు అందుకుంది. అందులో ఉత్తమ నూతన కళాకారిణి అవార్డు ఒక మహిళా ర్యాపర్‌కు రావడం 1999లో లారిన్ హిల్ తర్వాత అదే మొదలు. ఆ డిసెంబర్‌లో టెక్సస్ సదరన్ యూనివర్సిటీ నుంచి హెల్త్ అడ్మినిస్ట్రేషన్‌లో పట్టా తీసుకుంది. తల్లి కళ్లముందు మొదలుపెట్టిన చదువు, తల్లి పోయినా మధ్యలో వదల్లేదు. వృద్ధులకు ఆసరా గృహాలు కట్టాలన్నది ఆమె కోరిక. అమ్మానాన్నల ఇంటిపేర్లు కలిపి పీట్ అండ్ థామస్ ఫౌండేషన్ పెట్టింది. 2022లో హ్యూస్టన్ మేయర్ ఆమె పేరిట ఒక రోజును ప్రకటించినప్పుడు ఎంచుకున్న తేదీ మే 2, ఆమె తల్లి పుట్టినరోజు.

2022 డిసెంబర్‌లో లాస్ ఏంజెలెస్ కోర్టులో విచారణ జరిగింది. పేరుకు నిందితుడు లేనెజ్, కానీ బోనులో ఉన్నది మేగనేమో అనిపించేది. లేనెజ్‌తో సంబంధం లేదని అదే ఏడాది టీవీ ఇంటర్వ్యూలో చెప్పిన ఆమె, ఉందని కోర్టులో ఒప్పుకుంది. డిఫెన్స్ దాన్ని పట్టుకుని, మొదటి రాత్రి చెప్పిన గాజు పెంకు మాట పట్టుకుని, ఈమెను ఎలా నమ్మాలని వాదించింది. ఇంత చిత్రహింస ఉంటుందని తెలిసి ఉంటే, తనను చంపేసి ఉన్నా బాగుండేదని సాక్ష్యం చెబుతూ ఏడ్చింది. ఆ రాత్రి కారులో ఉన్న స్నేహితురాలు మేగన్ అంగరక్షకుడికి పంపిన మెసేజ్‌ను జ్యూరీ చూసింది. సాయం కావాలి, టోరీ మెగ్‌ను కాల్చాడు, 911 (అమెరికాలో అత్యవసర సాయం నంబరు). అంతే ఉంది అందులో. ఆ స్నేహితురాలు కోర్టుకొచ్చి ముందు చెప్పిన మాటల నుంచి వెనక్కి తగ్గింది. ఆ నిమిషంలో కొట్టిన ఆ నాలుగు ముక్కలు మాత్రం చెరిగిపోలేదు.

డిసెంబర్ 23న జ్యూరీ మూడు అభియోగాల్లోనూ లేనెజ్‌ను దోషిగా తేల్చింది. 2023 ఆగస్టు 8న పదేళ్ల శిక్ష పడింది. తాను నిర్దోషినన్న మాట మీద అతను నిలబడ్డాడు, అప్పీలుకు వెళ్లాడు. 2025 నవంబర్‌లో అప్పీలు కోర్టు ఆ తీర్పును ఖాయం చేసింది. అయినా ఆమె మీద మాటలు ఆగలేదు. తన మీద అబద్ధాలు ప్రచారం చేస్తోందంటూ ఒక సోషల్ మీడియా వ్యాఖ్యాతపై మేగన్ దావా వేస్తే, 2025 డిసెంబర్‌లో మయామీ జ్యూరీ మేగన్ పక్షాన నిలిచింది. ఇక్కడ ఇంకో మాట కూడా చెప్పాలి. 2024 ఏప్రిల్‌లో, ఆమె దగ్గర పనిచేసిన కెమెరామన్ ఒకరు వేధింపులు జరిగాయంటూ ఆమె మీదే కోర్టుకెళ్లాడు. ఆమె తరఫు లాయర్ ఆ ఆరోపణలను ఖండించారు.

1501 లేబుల్‌తో తగాదా 2023 అక్టోబర్‌లో రాజీతో ముగిసింది. అప్పటి నుంచి పాటలు ఆమె సొంత సంస్థ పేరిటే వస్తున్నాయి. 2024 జనవరిలో విడుదలైన ‘హిస్’ పాట నంబర్ వన్‌గా దిగింది. పక్కన ఎవరి పేరూ లేకుండా ఆ స్థానానికి ఆమె చేరడం అదే మొదలు.

కొన్ని తూటా ముక్కలు ఇంకా ఆమె పాదాల్లోనే ఉన్నాయని శస్త్రచికిత్స చేసిన డాక్టర్ కోర్టులో చెప్పాడు. నరం దెబ్బతిని ఎడమపాదం పక్క భాగంలో సరిగా స్పర్శ తెలియదని, నొప్పిని పంటి బిగువున ఓర్చుకుంటానని ఆమె చెప్పింది. 2024 మేలో మినియాపోలిస్‌లో మొదలుపెట్టిన టూర్‌ను జూన్‌లో సొంతూరు హ్యూస్టన్‌కు తీసుకొచ్చింది. మోకాళ్లు వంచి, పాదాల మీద బరువంతా మోపి ఆడటమే ఆమె డ్యాన్సుకు గుర్తు. అక్కడా అలాగే ఆడింది.