చరిత్ర యుగాలు: పిల్లలు మోసుకొచ్చే అపోహలు, అసలు సంగతులు

హన్మకొండలో గ్రూప్స్‌కు చదివే పిల్లలకు చరిత్ర చెప్తుంటాను. ప్రాచీన, మధ్య, ఆధునిక అని మూడు ముక్కలు చేసుకుని తేదీలు బట్టీ కొడితే సిలబస్ అయిపోయినట్టే అనుకుంటారు చాలామంది.

అపోహ: మొదట హిందూ యుగం, తర్వాత ముస్లిం యుగం, ఆ తర్వాత బ్రిటిష్ యుగం.

వాస్తవం: ఇలా విడగొట్టింది జేమ్స్ మిల్ అనే బ్రిటిష్ చరిత్రకారుడు, 1817లో. ఆయన ఇండియాలో కాలు కూడా పెట్టలేదు. మొదటి రెండింటికీ మతం పేరు పెట్టి మూడోదాన్ని క్రైస్తవ యుగం అనలేదు చూడండి, కిటుకంతా అక్కడే ఉంది! మన ఓరుగల్లు కోటను ఈ లెక్కలో పెట్టి చూడండి. 1504 నాటి శాసనం షితాబ్ ఖాన్‌ది. పేరు చూసి ముస్లిం పాలకుడని రాసేస్తారు, కానీ ఆయన అసలు పేరు సీతాపతి, బహమనీల కొలువులో పైకొచ్చిన హిందువు, కోట పట్టుకున్నాక దేవుళ్లను తిరిగి ప్రతిష్ఠించానని ఆ శాసనంలోనే చెప్పుకున్నాడు. ఈయన్ని ఏ యుగంలో వేస్తారు?

అపోహ: 1323లో కాకతీయులు పోయారు, ఇక అంతా చీకటే.

వాస్తవం: ప్రతాపరుద్రుడు ఓడిన మాట నిజమే. కానీ పదిహేనేళ్లు తిరగకముందే ముసునూరి కాపయ నాయకుడు ఓరుగల్లును తిరిగి పట్టాడు. రాజవంశం పోతే ఊరు ఆగదు, కాకతీయులు తవ్వించిన రామప్ప, పాకాల చెరువుల కింద ఇప్పటికీ నాట్లు పడుతున్నాయి.

అపోహ: 1947తో దేశమంతా ఒకేసారి కొత్త యుగంలోకి వచ్చింది.

వాస్తవం: ఢిల్లీలో జెండా ఎగిరిన రోజు వరంగల్ ఇంకా నిజాం రాజ్యమే. మనకు ఆ మలుపు 1948 సెప్టెంబర్ 17న, పోలీస్ యాక్షన్‌తో, అంటే భారత సైన్యం నిజాం రాజ్యంలోకి దిగడంతో వచ్చింది, తెలంగాణ రైతుల సాయుధ పోరాటం 1951 దాకా సాగింది. అసలు మనల్ని బ్రిటిష్‌వాళ్లు నేరుగా ఏలనే లేదు. నిజాంకు సొంత నాణెం, సొంత తపాలా ఉండేవి, రికార్డులు ఉర్దూలో నడిచేవి. ఇంట్లో తాతల నాటి పహాణీ (భూమి రికార్డు) కాగితం ఉంటే తీసి చూడండి, అర్థమవుతుంది.

అందుకే నోట్స్‌లో ప్రతి పెద్ద తేదీ పక్కన "ఆ రోజు వరంగల్‌లో ఎవరు ఏలుతున్నారు" అని ఇంకో గడి గీసుకోమంటాను. 1526, 1707, 1857, దేనికైనా సరే. మొదట్లో గొణుగుతారు, మెయిన్స్ వ్యాసం రాసేటప్పుడు ఆ గడే పనికొస్తుంది.