కొత్త టెలిఫోటో జూమ్ వస్తోందట: ఆగాలా, కొనాలా? కొన్ని అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో సిరిమానోత్సవం దగ్గరపడి, శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో గూడబాతులు గూళ్లు కట్టే కాలం వచ్చిందంటే, మా ప్రాంత ఫొటోగ్రాఫర్ల మధ్య ఒకే చర్చ నడుస్తుంది. చేతిలో ఉన్న 100-400 జూమ్‌ను (దూరంగా ఉన్నదాన్ని దగ్గరగా చూపే, 100 నుంచి 400 మిల్లీమీటర్ల దాకా మార్చుకోగల లెన్సును) ఇప్పుడే అమ్మేయాలా, దాని స్థానంలో రాబోతోందంటున్న కొత్త లెన్సు కోసం ఆగాలా అన్నదే ఆ చర్చ. పెళ్లిళ్లు తీస్తూ, ముహూర్తాలు లేని నెలల్లో పక్షుల వెంట తిరిగే వృత్తి నాది కనుక ఈ ప్రశ్న నా దగ్గరకు తరచుగా వస్తుంటుంది. కంపెనీ ప్రకటించని లెన్సు గురించి ఎవరేం చెప్పినా అది ఊహే. అయితే ఇంతకు ముందు ఇలాంటి లెన్సులు ఎలా వచ్చాయో చూస్తే, నేటి ఊహల్లో దేనికి ఎంత విలువ ఇవ్వాలో కొంత తెలుస్తుంది.

అపోహ: పేటెంటు బయటపడింది, కాబట్టి లెన్సు ఖాయం.

జపాన్‌లో పేటెంటు దరఖాస్తు దాఖలైన 18 నెలలకు మామూలుగా బహిరంగమవుతుంది. అంటే ఈ రోజు మన ఫోన్లలో తిరుగుతున్న పేటెంటు రేఖాచిత్రం వెనక ఉన్నది ఏడాదిన్నర కిందటి ఆలోచన. పైగా ఒకే దరఖాస్తులో ఫోకల్ లెంగ్తులు (లెన్సు ఎంత దూరాన్ని దగ్గర చేస్తుందో చెప్పే మిల్లీమీటర్ల అంకెలు), అపర్చర్లు (వెలుతురు వచ్చే ద్వారాలు) మార్చి అనేక నమూనాలు చూపించడం ఆనవాయితీ. కంపెనీ కాపాడుకోవాలనుకునేది ఆ గాజు పలకల అమరిక వెనకనున్న పద్ధతిని, అంతేగాని ప్రతి నమూనానూ కర్మాగారానికి పంపాలని కాదు. వాటిలో చాలావరకు కాగితం దాటవు. కెమెరాల పుకార్లకు కొంత ఆధారం దొరకడానికి వేరే కారణం ఉంది: వాటిలో వైఫై, బ్లూటూత్ ఉంటాయి కనుక విడుదలకు ముందే ఆయా దేశాల వైర్‌లెస్ అనుమతుల జాబితాల్లో వాటి జాడ కనిపిస్తుంది. లెన్సులో రేడియో ఉండదు కనుక ఆ జాడ కూడా ఉండదు. అందువల్ల లెన్సు గురించిన పుకారును నేను ఎప్పుడూ కెమెరా పుకారు కంటే ఒక మెట్టు కిందనే ఉంచుతాను.

అపోహ: ప్రతి లెన్సుకూ ఒక ఆయుర్దాయం ఉంటుంది, పాతదానికి ఆరేళ్లు నిండాయి, కొత్తది రావాల్సిందే.

ఈ లెక్క వేసేవారు కెనాన్ 100-400 చరిత్రను ఒకసారి చూడాలి. ముందుకు వెనక్కు లాగి జూమ్ చేసే ఆ మొదటి లెన్సు 1998లో వచ్చింది. దాని వారసుడు ప్రకటితమైంది 2014 నవంబరులో. మధ్యలో పదహారేళ్లు గడిచాయి, అందులో చాలా ఏళ్లు "ఈసారి తప్పకుండా" అన్న మాటతోనే గడిచాయి. నికాన్ 80-400 మొదటిది 2000లో వస్తే రెండోది 2013లో వచ్చింది. మరోవైపు సోనీ 70-200 జీమాస్టర్‌ను 2016లో తెచ్చి, 2021లోనే రెండో వెర్షన్‌ను విడుదల చేసి, బరువును 1,480 గ్రాముల నుంచి 1,045 గ్రాములకు దించింది. పదహారు, పదమూడు, అయిదు: ఈ మూడు అంకెల నుంచి సూత్రం తీయగలిగినవారు జాతకాలు కూడా చెప్పగలరు.

దుకాణాల్లో స్టాకు లేకపోవడాన్ని సూచనగా తీసుకోవడం కూడా ఇలాంటిదే. లెన్సులు విడతలవారీగా తయారవుతాయి. ఒక విడతకూ మరో విడతకూ మధ్య విశాఖపట్నంలోని డీలరు దగ్గర ఖాళీ ఏర్పడితే, అది రాబోయే లెన్సుకు శకునమేమీ కాదు. ఇక్కడ ఒక పక్కమాట. తేలినీలాపురానికి వచ్చే గూడబాతులూ, పెయింటెడ్ స్టార్క్ కొంగలూ సైబీరియా నుంచి వస్తాయని ఏటా ఎక్కడో ఒకచోట చదువుతూనే ఉంటాం. నిజానికి ఆ రెండూ మన దేశంలోనే గూళ్లు కట్టి పిల్లల్ని పెంచే జాతులు. పదిమంది నోట పడినంత మాత్రాన మాటకు ఆధారం పుట్టదని చెప్పడానికి మా జిల్లాలో ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు.

అపోహ: కొత్త లెన్సు మరింత వెలుతురు రాబట్టేదిగా, మరింత పొడవుగా చూసేదిగా, మరింత తేలికగా, పాత ధరకే వస్తుంది.

అసలు నిరాశంతా ఇక్కడే పుడుతుంది కనుక దీన్ని కాస్త నింపాదిగా చూడాలి. లెన్సులోకి వెలుతురు వచ్చే ద్వారం వెడల్పు తెలియాలంటే ఫోకల్ లెంగ్తును ఎఫ్ అంకెతో భాగిస్తే చాలు. 100-400 పొడవైన కొసన 400 మిల్లీమీటర్లను అక్కడి ఎఫ్ అంకె 5.6తో భాగిస్తే సుమారు 71 మిల్లీమీటర్లు వస్తుంది. ముందు గాజు కనీసం అంత వెడల్పు ఉండాలి. అందుకే ఈ తరగతి లెన్సులకు 77 మిల్లీమీటర్ల ఫిల్టరు సరిపోతోంది. అదే 400 దగ్గర ఎఫ్4 కావాలంటే ఆ ద్వారం 100 మిల్లీమీటర్లు కావాలి. 600 దగ్గర ఎఫ్6.3కు 95 మిల్లీమీటర్లు కావాలి. సోనీ 200-600కూ, నికాన్ 180-600కూ ఫిల్టరు 95 మిల్లీమీటర్లు కావడం, రెండూ రెండు కిలోల అటూఇటూగా తూగడం అందుకే. గాజు అంత పెరిగాక బరువు తగ్గించడానికి ఇంజనీరు చేతిలో మిగిలే మార్గాలు కొద్దిపాటివే.

2020 జులైలో కెనాన్ 100-400కు మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కొత్త రకం) కెమెరాల కోసం వారసుడిగా 100-500ను ప్రకటించినప్పుడు, చివరన ఎఫ్7.1 అన్న అంకె చూసి చాలామంది పెదవి విరిచారు. కానీ 500ను 7.1తో భాగించి చూడండి: 70 మిల్లీమీటర్లు. అంటే కంపెనీ అదే వెడల్పు ద్వారాన్ని ఉంచి, అదే 77 ఫిల్టరుతో, ట్రైపాడ్ కాలరు (స్టాండుకు బిగించే పట్టీ) లేకుండా 1,570 గ్రాములు ఉన్న పాత లెన్సు స్థానంలో 1,370 గ్రాముల లెన్సును ఇచ్చి, పైన వంద మిల్లీమీటర్లు చేర్చింది. ఒకే చోట నిలబడి ఒకే పక్షిని తీస్తే, ఆ పక్షి నుంచి రెండు లెన్సులూ పోగుచేసే వెలుతురు దాదాపు సమానమే. కొత్తది దాన్ని సెన్సరుపై మరికొంత పెద్ద బొమ్మగా పరుస్తుంది. పాత లెన్సుతో తీసి కత్తిరించుకునేదాన్ని కొత్తది కత్తిరించకుండా ఇస్తుందన్నమాట.

అలాగని నష్టం లేదని కాదు. సిరిమాను పైడితల్లి అమ్మవారి చదురుగుడి నుంచి కోట దాకా తిరిగే సాయంత్రం వేళ, మాను చివర కూర్చున్న పూజారి ముఖం మీద వెలుతురు నిమిషనిమిషానికీ పడిపోతూ ఉంటుంది. అప్పుడు 5.6 దగ్గర ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సరు స్పందించే స్థాయి) 1600తో సరిపోయే చోట, అదే షట్టర్ వేగానికి 7.1 దగ్గర 2500 కావాలి. ఇప్పటి సెన్సర్లకు ఈ తేడా పెద్ద భారమేమీ కాదు. ఆ ఉత్సవంలో అంతకంటే ముఖ్యమైన విషయం మరొకటుంది. జనంలో ఇరుక్కుని కదలలేని చోట నిలబడ్డప్పుడు, దూరంగా కోట వైపు కనిపించిన మాను కాసేపటికి తలమీదకే వచ్చేస్తుంది. 200 దగ్గర మొదలయ్యే పెద్ద జూమ్ ఆ క్షణంలో పనికిరాదు. 100 దగ్గర మొదలయ్యేది కొంతవరకు ఆదుకుంటుంది. పుకార్లలో అందరూ పొడవైన కొస గురించే మాట్లాడతారు, పొట్టి కొస ఎంత ఉండబోతోందని అడిగేవారు అరుదు.

బొమ్మ కదలకుండా చూసే స్టెబిలైజేషన్ గురించీ ఇంతే. కెనాన్ మొదటి 100-400కు రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకు షట్టర్‌ను రెండింతల సేపు తెరిచి ఉంచవచ్చు), రెండోదానికి నాలుగు, 100-500కు అయిదు అని కంపెనీ లెక్క. ఇవన్నీ మన చేతి వణుకుకు సంబంధించినవి. చెట్టుపై వాలబోతున్న గూడబాతు రెక్క నిలిచిపోవాలంటే షట్టర్ వేగం తప్ప మార్గం లేదు. మిట్టమధ్యాహ్నం నౌపడ ఉప్పుమళ్ల మీదుగా అవతలి గట్టున ఉన్న పక్షిని తీస్తే బొమ్మ అలలు అలలుగా వస్తుంది. అది నేల నుంచి లేచే వేడిగాలి పని. ఎంత ఖరీదైన కొత్త లెన్సూ దాన్ని సరిచేయదు, పొద్దున్నే వెళ్లడమే దానికి మందు.

అపోహ: బయటికి సాగే జూమ్ దుమ్ము పీలుస్తుంది, కాబట్టి కొత్తది తప్పకుండా లోపలే కదిలే జూమ్ అవుతుంది.

లాగుడు జూమ్‌కు దుమ్ము పంపు అన్న పేరు ఊరికే రాలేదు గాని, జూమ్ చేస్తే సాగే ప్రతి లెన్సూ గాలిని లోపలికీ బయటికీ పంపుతుంది. తిప్పే రింగు పెట్టిన రెండో 100-400 కూడా సాగేదే. కళింగపట్నం తీరంలో ఇసుకగాలి వీస్తున్నప్పుడు ఏ రకమైన లెన్సుకైనా ముప్పు ఉంది. లోపలే కదిలే జూమ్‌కు అసలైన మేలు, తూకం మారకపోవడం; మోనోపాడ్ (ఒంటికాలి స్టాండు) మీద పెట్టాక జూమ్ మార్చినా ముందుకు వాలదు. దానికి చెల్లించే మూల్యం పొడవు. కెనాన్ 70-200 ఎఫ్2.8 మిర్రర్‌లెస్ లెన్సు 2019లో సాగే రూపంలో 146 మిల్లీమీటర్లతో వచ్చింది. దానికి టెలీకన్వర్టర్ (లెన్సు వెనక తగిలించి ఫోకల్ లెంగ్తు పెంచుకునే సాధనం) పట్టదు. 2024లో లోపలే కదిలే మరో 70-200 వచ్చింది. దాని పొడవు 199 మిల్లీమీటర్లు, కన్వర్టర్ పడుతుంది. కొత్తది వచ్చిందని పాతదాన్ని తీసేయలేదు, ఇద్దరు కొనుగోలుదారులకు రెండు లెన్సులు అన్నట్టు పక్కపక్కనే ఉంచారు. మనం వారసుడని ఎదురుచూసేది తీరా వచ్చాక తోబుట్టువు కావచ్చు.

అపోహ: కొత్తది ప్రకటించిన మరునాడే పాతది పనికిరాకుండా పోతుంది.

పాత లెన్సు అమ్మకపు ధర తగ్గుతుందన్నది నిజం. తీసే బొమ్మ మాత్రం మారదు. కాకపోతే మౌంటు (కెమెరాకు లెన్సు తగిలే అమరిక) మారుతున్నప్పుడు ఒక సంగతి చూసుకోవాలి. కెనాన్ ఈఎఫ్ (అద్దమున్న పాత కెమెరాల) లెన్సుల లోపలే మోటారు ఉంటుంది కనుక అడాప్టరు ద్వారా మిర్రర్‌లెస్ కెమెరాల మీద ఆటోఫోకస్ చక్కగా పనిచేస్తుంది. నికాన్‌లో 2013 నాటి 80-400 కూడా ఎఫ్‌టీజడ్ అడాప్టరుతో పనిచేస్తుంది. 2000 నాటిది మాత్రం కెమెరాలోని మోటారుతో ఫోకస్ అయ్యే రకం, ఆ అడాప్టరులో మోటారు లేదు కనుక చేత్తో ఫోకస్ చేసుకోవాల్సిందే. పేరు ఒకటే కదా అని చవకగా వస్తున్నది తీసుకుంటే ఇక్కడే దెబ్బతింటారు.

ఎవరు ఆగవచ్చు అని అడిగితే నా అభిప్రాయం ఇది. చేతిలో పనిచేసే లెన్సు ఉండి, ఈ సీజనుకు దాని వల్ల ఏ ఆర్డరూ పోవడం లేదనుకుంటే, ఎంతకాలమైనా ఆగవచ్చు. లెన్సే లేనివారు తేలినీలాపురంలో పిల్లలు గూళ్లలో ఉన్న నెలలను పుకారుకు వదులుకోవడం నాకు సమంజసంగా తోచదు. అక్కడ పక్షులు ఊళ్లోని చెట్ల మీదే గూళ్లు కడతాయి కనుక 400 చాలావరకు సరిపోతుంది, దగ్గరకు వెళ్లి వాటిని బెదరగొట్టాల్సిన అవసరం కూడా ఉండదు. సోనీ వాడేవారికి సిగ్మా 100-400, టామ్రాన్ 50-400 ఇప్పటికే మార్కెట్‌లో ఉన్నాయి.

వాడిన లెన్సు కొనేవారు మా తీర జిల్లాల్లో చూడాల్సింది ఫంగస్. రెండు మూతలూ తీసి, అపర్చరు పూర్తిగా తెరిచి, వెనక వైపు నుంచి ఫోన్ టార్చి ఏటవాలుగా వేసి, ముందు వైపు నుంచి జూమ్‌ను ఒక కొస నుంచి మరో కొసకు నెమ్మదిగా తిప్పుతూ చూడాలి. దుమ్ము రేణువులు చుక్కల్లా మెరుస్తాయి, వాటివల్ల బొమ్మకు ఏమీ కాదు. గాజు అంచు నుంచి మధ్యకు పాకుతున్న సన్నని దారాల అల్లిక కనిపిస్తే మాత్రం ధర ఎంత తగ్గించినా తీసుకోకండి. శుభ్రం చేయించినా పూతపై మచ్చ మిగలవచ్చు, బీరువాలో పక్కనున్న లెన్సులకూ ఆ బూజు అంటుకోవచ్చు.