గుర్రాల బాటన ఎక్స్‌ప్రెస్‌వేలు

1995లో టోక్యో పశ్చిమ శివారైన కొకుబుంజిలో, ఒకప్పటి రైల్వే శిక్షణ పాఠశాల స్థలంలో తవ్వకాలు జరిపినప్పుడు, 12 మీటర్ల వెడల్పున, ఇరువైపులా కాలువలతో, 340 మీటర్ల మేర వంపన్నది లేకుండా సాగిన ప్రాచీన రహదారి బయటపడింది. అది తోసాన్‌దో అనే ప్రధాన రహదారి నుంచి ముసాషి ప్రాంతానికి చీలిన శాఖ. గుర్రాలూ పాదచారులూ తిరిగే దారికి అంత వెడల్పు ఎందుకు?

ఏడో శతాబ్ది చివర జపాన్ ప్రభుత్వం రాజధాని పరిసరాలను విడిగా ఉంచి, మిగిలిన దేశాన్ని 'దో' అనే ఏడు ప్రాంతాలుగా విభజించింది. ప్రతి దోకూ అదే పేరుతో ఒక రహదారి ఉండేది. చట్టం ప్రకారం సుమారు 16 కిలోమీటర్లకొక మజిలీ ఉండాలి. ఒక్కో మజిలీలో సాన్యోదో మీద 20, తోకైదో, తోసాన్‌దోల మీద 10, తక్కినవాటి మీద 5 గుర్రాలు సిద్ధంగా ఉంచాలి. వార్తాహరుడికి ఎన్ని గుర్రాలివ్వాలో అతడి చేతి గంటకున్న గాట్లే చెప్పేవి. అత్యవసరమైతే అతడు రోజుకు పది మజిలీలు, అంటే 160 కిలోమీటర్లు దాటాలి. విదేశీ రాయబారులు వచ్చే సాన్యోదో మీద కొన్ని మజిలీలకు పెంకుల కప్పులు, తెల్లటి గోడలు కట్టించారు. కొకుబుంజి దారి వెడల్పులోనూ వాడుక కన్నా ప్రదర్శనే ఎక్కువని నా అభిప్రాయం.

ఈ దారులను తాపీమేస్త్రీ దారం లాగి గోడ కట్టినట్టు వేశారు. దూరాన ఒక కొండను గురిపెట్టి, అడ్డొచ్చిన గుట్టను కోసి, బురదను పూడ్చి, ఊళ్ల కోసం వంపు తిరగకుండా సాగిపోయారు. ప్రభుత్వం బలహీనపడ్డాక వాటిలో చాలా భాగం పొలాల్లో కలిసిపోయింది. పదిహేడో శతాబ్దిలో తొకుగావా పాలకులు తీర్చిదిద్దిన రహదారులు నడిచేవారికి అనువుగా కోటలున్న ఊళ్ల గుండా, సత్రాల మీదుగా మలుపులు తిరిగాయి. తోకైదో అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఆ కాలపు దారే.

1960లలో ఎక్స్‌ప్రెస్‌వే ఇంజనీర్లకు మళ్లీ పాత సమస్యే ఎదురైంది: దూరపు నగరాలను వేగంగా కలపాలి, నడుమ జనావాసాలను తప్పించాలి. అందుకే చారిత్రక భూగోళ పరిశోధకులు ప్రాచీన మార్గాలను పటాల మీద గీసినప్పుడు, అనేక చోట్ల అవి తొకుగావా కాలపు దారులకన్నా ఎక్స్‌ప్రెస్‌వేలకే చేరువగా కనబడ్డాయి. కొన్ని ఇంటర్‌చేంజ్‌లు పాత మజిలీల దాపునే ఉన్నాయి. పాత పటం చూసి కొత్త దారి వేయడం వల్ల కలిగిన పోలిక కాదిది. అవసరం ఒకటే కావడం వల్ల కలిగినది.

పేరును నమ్మితే మాత్రం పొరబడతాం. 1964లో మొదలైన తోకైదో షింకాన్‌సెన్ అనే బుల్లెట్ రైలు మార్గం నగోయా దాటాక ప్రాచీన తోకైదో వెళ్లిన సుజుకా కనుమను వదిలి, తోసాన్‌దో మీది సెకిగహరా గుండా పోతుంది. సుజుకా పర్వతాల కింద సొరంగాలు తవ్వడం కష్టం, గడువేమో తక్కువ. సెకిగహరాలో శీతకాలపు మంచు ఇప్పటికీ రైళ్లను నెమ్మదింపజేస్తుంది. అందుకే అక్కడ పట్టాల వెంట నీళ్లు చిమ్మే గొట్టాలు అమర్చారు. సుజుకా దారిని అందుకున్నది 2008లో తెరిచిన షిన్‌మెయిషిన్ ఎక్స్‌ప్రెస్‌వే.