తలలు లెక్కపెట్టాం, రాత్రులు లెక్కపెట్టలేదు

2012లో దేశం మొత్తం మీద ఎక్కువమంది దేశీయ పర్యాటకులు వచ్చిన రాష్ట్రం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. కేంద్ర పర్యాటక శాఖ లెక్క ప్రకారం 20.68 కోట్లు. అప్పటి రాష్ట్ర జనాభా 8.46 కోట్లు. అంటే రాష్ట్రంలో ఉన్న ఒక్కొక్కరికి సుమారు రెండున్నర మంది చుట్టాలు వచ్చినట్టు. మరుసటి ఏడాది అదే అంకె 15.21 కోట్లకు పడిపోయింది. విభజన గొడవల్లో సీమాంధ్ర ఆర్టీసీ బస్సులు దాదాపు రెండు నెలలు డిపోలు దాటని ఏడాది అది, కాబట్టి తగ్గుదలకు కారణం కొంత తెలుస్తూనే ఉంది. కానీ ఆ అయిదున్నర కోట్లలో తిరుపతి పోగొట్టుకున్నది ఎంత, శ్రీశైలం ఎంత, లాడ్జీ గదులు ఎన్ని రాత్రులు ఖాళీగా ఉన్నాయి, ఎంతమంది రూంబాయ్‌లకు, టాక్సీ డ్రైవర్లకు పని పోయింది అని అడిగితే ఆ లెక్కలో జవాబు లేదు. ఊరి ఆర్థిక వ్యవస్థకు పనికొచ్చేలా ఆ లెక్కను ఎవరూ తయారు చేయలేదు. అది పుట్టిందే వేరే పనికి.

పర్యాటకుడంటే ఎవరో మొదట నిర్వచించింది నానాజాతి సమితి, 1937లో. తన దేశం కాని దేశంలో కనీసం 24 గంటలు గడిపినవాడు పర్యాటకుడు. 1963 రోమ్ సమావేశం దాన్ని సరిచేసి, రాత్రి బస చేసేవారిని పర్యాటకులుగా, ఒక్క రోజులోనే తిరిగి వెళ్ళేవారిని విడిగా లెక్కించమంది. అప్పట్లో దేశాలకు కావలసింది విదేశీ మారకం లెక్క. స్వతంత్ర భారతం కూడా అదే దారి పట్టింది. 1951లో మన దేశానికి వచ్చిన విదేశీ పర్యాటకులు 16,829 మంది. అంత కచ్చితంగా ఎలా తెలుసంటే, ఓడరేవులో, విమానాశ్రయంలో ప్రతి పాస్‌పోర్టు మీదా ముద్ర పడుతుంది కాబట్టి. 2019 నాటికి ఆ సంఖ్య 1.09 కోట్లకు చేరింది, లెక్కించే పద్ధతి మాత్రం మూలంలో అదే.

ఈ పద్ధతి దేశానికి సరిపోతుంది, ఊరికి సరిపోదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న తెలుగు కుటుంబం సంక్రాంతికి తెనాలిలో అమ్మమ్మ ఇంటికొస్తే విదేశీ పర్యాటకుల ఖాతాలో పడుతుంది. పక్క సీట్లో కూర్చున్న, ఇంకా భారత పాస్‌పోర్టే ఉన్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఆ ఖాతాలోకి రాడు. ప్రవాసుల రాకను 2014 నుంచి విడిగా లెక్కకట్టి, రెండూ కలిపి అంతర్జాతీయ రాకపోకలుగా చూపిస్తున్నారు. ఇద్దరూ శంషాబాద్‌లో దిగితే అక్కడి లెక్కలోనే ఉంటారు. తెనాలిలో కొన్న బంగారం, కుట్టించిన బట్టలు, కట్టించిన పళ్ళు ఏ పర్యాటక లెక్కలోనూ తేలవు.

దేశీయ పర్యాటకుల దగ్గరికి వస్తే చిక్కు ఇంకా పెద్దది, ఎందుకంటే జిల్లా సరిహద్దులో పాస్‌పోర్టు అడిగేవాళ్ళు లేరు. కేంద్ర శాఖ నిర్వచనం చదివితే ముచ్చటేస్తుంది. హోటల్లోనో, ధర్మశాలలోనో, ముసాఫిర్‌ఖానాలోనో, చౌల్ట్రీలోనో కనీసం ఒక రాత్రి, ఆరు నెలలు మించకుండా బస చేసినవారే దేశీయ పర్యాటకులు. మన సత్రం పేరెత్తి మరీ చెప్పిన నిర్వచనం ఇది. దీని ప్రకారం చుట్టాలింట్లో దిగినవాడు లెక్కలోకి రాడు. పొద్దున వచ్చి సాయంత్రం పోయినవాడూ రాడు. కాగితం మీద ఇంత స్పష్టంగా ఉన్నా, ఆచరణలో లాడ్జీలు, హోటళ్ళు నెలనెలా నింపి పంపాల్సిన ఫారాలు అన్నీ అందవు. అందని చోట గుడి క్యూలైన్ల సంఖ్యో, టికెట్ కౌంటర్ సంఖ్యో వచ్చి కూర్చుంటుంది. ఒక రాష్ట్రం రాత్రి బసలను పంపితే ఇంకో రాష్ట్రం గుడి ముందు తలలను పంపుతుంది, రెండింటినీ ఒకే పట్టికలో పెట్టి ఒకటో ర్యాంకు, రెండో ర్యాంకు అంటారు. పైగా అది మనుషుల సంఖ్య కాదు, రాకల సంఖ్య. ఒకే కుటుంబం కాణిపాకం, తిరుపతి, శ్రీకాళహస్తి చూసుకుంటూ మూడు చోట్ల బస చేస్తే మూడుసార్లు పడుతుంది.

ఈ లోటు జాతీయ స్థాయిలో గుర్తించారు, మందు కూడా వేశారు. ఐక్యరాజ్యసమితి 2000లో ఆమోదించి 2008లో సవరించిన పర్యాటక శాటిలైట్ ఖాతా పద్ధతిలో, జాతీయాదాయ లెక్కల్లో చెల్లాచెదురుగా ఉన్న హోటల్, రైలు, ట్రావెల్ ఏజెంట్ పద్దుల నుంచి పర్యాటకుల వాటాను విడదీస్తారు. మన దేశం 2002-03కు మొదటి ఖాతా, 2009-10కి రెండోది, 2015-16కు మూడోది తయారుచేసింది. రెండో ఖాతా ప్రకారం జీడీపీలో పర్యాటకం వాటా పరోక్ష ప్రభావంతో కలిపి 6.8 శాతం, ఉపాధిలో 10.2 శాతం. వీటికి ముడిసరుకు జాతీయ నమూనా సర్వే ఇచ్చింది. 2008-09లో 65వ విడత, 2014-15లో 72వ విడత ఇంటింటికీ వెళ్ళి, ఎక్కడికి వెళ్ళారు, ఎంత ఖర్చయింది అని అడిగాయి. రాత్రి బస ప్రయాణాల్లో అత్యధికం చుట్టాలను చూడటానికో, పెళ్ళిళ్ళకో చేసినవని ఆ సర్వేలే బయటపెట్టాయి. అంటే నిర్వచనం వదిలేసినవారే ఎక్కువ.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. నమూనా సర్వే ప్రయాణం మొదలైన ఇంటి దగ్గర అడుగుతుంది, డబ్బు ఖర్చయిన ఊళ్ళో కాదు. వరంగల్‌లో ఎంపికైన కొన్ని వందల ఇళ్ళలో లేపాక్షి వెళ్ళొచ్చినవి ఒకటో రెండో తగులుతాయి. వాటిని పట్టుకుని లేపాక్షి ఆదాయం కట్టడం కుదరదు. అందుకే ఖాతా రాష్ట్రం దాకా వచ్చింది గానీ జిల్లాకు దిగలేదు.

ఊరికి ఒకప్పుడు వేరే దారులుండేవి. పుణ్యక్షేత్రాలకు, జాతరలకు వెళ్ళే రైలు ప్రయాణికుల టికెట్ మీద పన్ను వేయడానికి 1956లో ప్రత్యేక చట్టమే వచ్చింది. టికెట్ తెగితే యాత్రికుడు లెక్కలో పడేవాడు, పన్నూ వచ్చేది. తర్వాతి రోజుల్లో గది అద్దె మీద రాష్ట్రం వేసిన లగ్జరీ పన్ను అలాంటి ఆనవాలే. 2017 జులై 1న అది జీఎస్టీలో కలిసిపోయింది. జీఎస్టీ రిజిస్ట్రేషన్ రాష్ట్రానికి ఒకటి కాబట్టి, విశాఖలోనూ విజయవాడలోనూ హోటళ్ళున్న సంస్థ ఒకే రిటర్న్ వేస్తుంది, ఏ ఊరి గది ఎంత నిండిందో అందులో విడిపోదు. రోజుకు వెయ్యి రూపాయల లోపు గదులకు 2022 జులై దాకా పన్నే లేదు. ఏటా 20 లక్షల టర్నోవర్ దాటని లాడ్జీకి ఇప్పటికీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మన యాత్రాస్థలాల్లో సామాన్యుడు దిగేది సరిగ్గా ఈ గదుల్లోనే.

తిరుమల సంగతి చూడండి. దేవస్థానం రోజూ మూడు అంకెలు చెబుతుంది: దర్శనం చేసుకున్నవారు, తలనీలాలు సమర్పించినవారు, హుండీ కానుకలు. ఇంత క్రమశిక్షణతో రోజువారీ లెక్క చెప్పే యాత్రాస్థలాలు ప్రపంచంలోనే అరుదు. తిరుపతి నగరానికి కావలసిన నాలుగో అంకె, నిన్న రాత్రి కొండ కింద ఎంతమంది పడుకున్నారన్నది, అందులో ఉండదు. కొండ మీద దేవస్థానం గదిలో దిగి, 1985లో మొదలైన నిత్యాన్నదానంలో భోంచేసి, బస్సెక్కి వెళ్ళిపోయిన భక్తుడు నగరంలో ఖర్చు పెట్టేది టీకి, ఆటోకి. అతనికీ, రెండు రాత్రులు లాడ్జీలో ఉండి కాళహస్తికి టాక్సీ మాట్లాడుకున్నవాడికీ దర్శనం లెక్కలో తేడా లేదు.

టికెట్ల లెక్కలోనూ ఇలాంటి లొసుగులున్నాయి. చార్మినార్, గోల్కొండ వంటి పురావస్తు శాఖ కట్టడాల్లో 15 ఏళ్ళలోపు పిల్లలకు టికెట్ లేదు. డిసెంబరులో బడిపిల్లల విజ్ఞాన యాత్రలతో కిక్కిరిసినా కాగితం మీద ఆ రద్దీ కనబడదు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి మహిళలకిస్తున్న జీరో టికెట్ కొత్త ఆధారం. యాదగిరిగుట్ట, వేములవాడ స్టేజీల్లో దిగినవారి లెక్క తేదీలవారీగా దొరుకుతుంది. అయితే అందులో రోజూ పనికి వెళ్ళే స్థానికులూ ఉంటారు. పండుగ లేని మంగళ, బుధవారాల సగటును తీసేస్తే మిగిలేది యాత్రికుల సంఖ్యకు దగ్గరగా ఉంటుంది.

మరి ఊరు తన లెక్క తానే కట్టుకోవాలంటే? మొదలు పెట్టాల్సింది మనుషులతో కాదు, గదులతో. మనుషులు కదులుతారు, గదులు కదలవు. ఊహకు ఒక క్షేత్రాన్ని తీసుకుందాం. లాడ్జీలు, సత్రాలు కలిపి 2,000 గదులు. ఏడాదికి 7,30,000 గది-రాత్రులు. సగటున 55 శాతం నిండితే 4,01,500. గదికి రెండున్నర మంది చొప్పున 10,03,750 బస-రాత్రులు. ఒక్కొక్కరు సగటున 1.25 రాత్రులు ఉంటే బస చేసినవారు 8,03,000 మంది. గుడి లెక్క ఏడాదికి 60 లక్షల దర్శనాలంటే, నూటికి 13 మందే రాత్రి గదుల్లో ఉన్నారు. ఇప్పుడు ఒక్క యాత్రికుడు కూడా పెరగకుండా, సగటు బస 1.25 నుంచి 1.5 రాత్రులైతే చాలు, బస-రాత్రులు రెండు లక్షలు పెరుగుతాయి, గదుల నిండుదల 66 శాతానికి చేరుతుంది. సాయంత్రం చూడటానికి ఏదైనా ఉంచడం, ఉదయం పూట పక్క ఊరికి బస్సు వేయడం మరో పది లక్షల మందిని రప్పించడం కంటే ఎందుకు లాభమో ఈ లెక్కే చెబుతుంది. మునిసిపాలిటీకి ఇంకో ఉపయోగం ఉంది. పది లక్షల బస-రాత్రులంటే రోజూ 2,750 మంది అదనపు జనాభాతో సమానం. నీళ్ళు, చెత్త కోసం వచ్చే నిధుల్లో వాళ్ళు లేరని రుజువుతో అడగొచ్చు.

గదుల జాబితా దగ్గరే మొదటి తప్పు జరుగుతుంది. ట్రేడ్ లైసెన్సుల రిజిస్టరు పాతబడి ఉంటుంది. ఇంటిపన్ను రిజిస్టరులో నివాసమని రాసి ఉన్న మూడంతస్తుల మేడ నిజానికి లాడ్జీ. వీధి వీధి తిరిగి రాసుకోవడం తప్ప మార్గం లేదు, వార్డు సిబ్బందికి రెండు వారాల పని. రెండో తప్పు, యజమాని ఎంత నిండిందో తగ్గించి చెప్పడం, పన్ను భయంతో. 2008 గణాంకాల సేకరణ చట్టం కింద తీసుకున్న సమాచారాన్ని గణాంకాలకు తప్ప వేరే పనికి వాడకూడదు. ఆ మాట ముందే రాసిచ్చి, పన్ను వసూలు చేసే మనిషి కాకుండా వేరే మనిషిని పంపాలి. చెప్పింది నిజమో కాదో దుప్పట్ల లాండ్రీ లెక్కతో సరిచూడొచ్చు. గది ఖాళీ అయినప్పుడల్లా దుప్పటి ఉతుక్కి వెళ్ళాల్సిందే.

ఖర్చు తెలుసుకోవడానికి మనుషులను అడగక తప్పదు. ఎక్కడ అడుగుతామన్నదే ఇక్కడ కీలకం. గుడి ముందో, కోట లోపలో నిలబడి అడిగితే ఎక్కువ రోజులు ఉండేవారే ఎక్కువగా తగులుతారు, సగటు బస ఉన్నదానికంటే పెరిగి కనిపిస్తుంది. ఊరు వదిలి వెళ్ళేటప్పుడు, బస్టాండులో, రైల్వే ప్లాట్‌ఫారం మీద, పార్కింగు గేటు దగ్గర అడగాలి. నాలుగు వందల మందిని సరిగ్గా ఎంచుకుంటే శాతాల్లో తప్పు అయిదుకు అటూ ఇటూ ఉంటుందని పుస్తకం లెక్క. ఒకే బస్సు దిగినవారంతా ఒకేలా ఉంటారు కాబట్టి, పండుగ, వారాంతం, మామూలు రోజు, వేసవి అని విడగొట్టి దానికి రెట్టింపు తీసుకుంటే మంచిది. అయిదుగురి కుటుంబం అయిదు వేలు ఖర్చయిందంటే అది తలకు వెయ్యి. ఇది భాగించడం మరిచిపోయి ఊరి ఆదాయాన్ని అయిదింతలు చేసిన నివేదికలకు కొదవ లేదు. హైదరాబాద్‌లో ప్యాకేజీకి కట్టిన సొమ్మును ఊరి పద్దులో కలపకూడదు. ఊళ్ళో కట్టినదాంట్లో కూడా ఎంత ఊళ్ళో మిగిలిందో అడగాలి. లాడ్జీ యజమాని ఎక్కడివాడు, హోటల్ కూరగాయలు ఏ మార్కెట్ నుంచి, బొమ్మల దుకాణంలో సరుకు కొండపల్లిదా లేక పై రాష్ట్రందా?

ఏడాదికేడాది పోల్చేటప్పుడు మన పంచాంగాన్ని మరిచిపోతే అన్నీ తలకిందులవుతాయి. శివరాత్రి ఒక ఏడు ఫిబ్రవరిలో, ఒక ఏడు మార్చిలో వస్తుంది. శ్రీశైలం మార్చి లెక్క ఒక్కసారిగా సగమైతే పర్యాటకం పడిపోయినట్టు కాదు. అధిక మాసం వచ్చిన 2023లో తిరుమలలో బ్రహ్మోత్సవాలు రెండుసార్లు జరిగాయి. మేడారం జాతర రెండేళ్ళకోసారి, కాబట్టి 2024ను 2022తో పోల్చాలి తప్ప 2023తో కాదు. అంకెలను ఇంగ్లీషు నెలలతో పాటు మాసం, తిథి కూడా వేసి భద్రపరిస్తేనే పదేళ్ళ తర్వాత అక్కరకొస్తాయి.

గోదావరి పుష్కరాలు మళ్ళీ 2027లో. 2015లో పన్నెండు రోజులూ ఘాట్ల దగ్గర లెక్కపెట్టింది స్నానాలను. ఒకే మనిషి పొద్దున కోటిలింగాల రేవులో, మర్నాడు ఇంకో రేవులో మునిగితే రెండు. ఈసారి పుష్కరాల వల్ల రాజమహేంద్రవరానికి ఏం మిగిలిందో తెలియాలంటే, పుష్కరాలు లేని మామూలు ఏడాది జూన్, జులై నెలల గదుల నిండుదల, పంపిణీ చేసిన నీళ్ళు, డంపింగ్ యార్డుకు వెళ్ళిన చెత్త టన్నులు, ఆటో ఛార్జీలు, కూరగాయల టోకు ధరలు ముందే రాసిపెట్టి ఉండాలి. పుష్కరాలయ్యాక ఆ మామూలు ఏడాదిని వెనక్కి వెళ్ళి కొలవలేం.