ఎనిమిది రూపాయల జీతం నుంచి స్టేషన్ ఖర్చుల దాకా

పోలీసు మామూళ్ల మాట వస్తే సీమలో రెండు వాదనలు వినిపిస్తాయి. జీతం చాలక తింటున్నారని ఒకటి, ఎంతిచ్చినా తింటారని ఇంకొకటి. వెనక్కి వెళ్లి చూస్తే రెండూ సగం నిజాలే.

1800లో నిజాం దత్తమండలాలను (నేటి సీమలో చాలా భాగం వీటిలోదే) ఈస్టిండియా కంపెనీకి అప్పగించేనాటికి అనంతపురం, కడప ప్రాంతాల్లో ఊరి కాపలా తలారులది, పాలెగాళ్ల మనుషులది. నెల జీతం ఎవరికీ లేదు. తలారికి ఇనాం భూమి, కళ్లంలో గింజలు. పాలెగాడికి కావలి రుసుము. దత్తమండలాల కలెక్టర్‌గా వచ్చిన మన్రో పాలెగాళ్లను అణిచాడు. 1816లో పోలీసు పని కలెక్టర్లు, తాసీల్దార్ల చేతికొచ్చింది. శిస్తు పిండేవాడే దొంగను విచారించేవాడయ్యాడు. ఆ రెండు అధికారాలూ ఒకచోట కలిస్తే ఏం జరుగుతుందో 1855 నాటి మద్రాసు చిత్రహింసల కమిషన్ నివేదికలో ఉంది. దరిమిలా 1859 చట్టంతో విడిగా పోలీసు దళం ఏర్పడింది.

విడదీశారు గానీ జీతం మాత్రం అడుగునే ఉంచారు. పోలీసు వ్యవస్థను పరిశీలించిన 1902-03 ఫ్రేజర్ కమిషన్, జనం పోలీసులను లంచగొండులుగా, పీడించేవాళ్లుగా చూస్తున్నారని రాస్తూ, కానిస్టేబుల్‌కు నెలకు కనీసం 8 రూపాయలైనా ఇవ్వమంది. 1979లోనూ జాతీయ పోలీసు కమిషన్ (ధర్మవీర కమిషన్) కానిస్టేబుల్‌ను నైపుణ్యం లేని కూలీతో సమానంగా లెక్కగట్టడం మానమని చెప్పాల్సి వచ్చింది.

ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో కానిస్టేబుల్ మూల వేతనమే 25,220 రూపాయల దగ్గర మొదలవుతుంది. కాబట్టి పాత వాదన అతని విషయంలో అంతగా నిలవదు. 2019లో పెంచాక కూడా రోజుకు 710 రూపాయలు అందుకునే హోంగార్డు సంగతి వేరు.

అసలు చిక్కు జీతం స్లిప్పులో కనిపించదు. ముద్దాయిని ఆదోని నుంచి కర్నూలుకు తీసుకెళ్లాలి, దారిలో తిండి పెట్టించాలి. పట్టాల పక్కన దొరికిన అనాథ శవాన్ని మార్చురీకి చేర్చాలి. జీపు డీజిల్ కోటా నెలాఖరు దాకా రాదు. దసరా రాత్రి దేవరగట్టు కర్రల సమరం, శివరాత్రికి శ్రీశైలం బందోబస్తు. టీఏ (ప్రయాణ భత్యం) బిల్లు ఎప్పటికో వస్తుంది. ముందు ఎస్సై జేబో, స్టేషన్ రాతపని చూసే రైటర్ జేబో ఖాళీ అవుతుంది. తర్వాత ఫిర్యాదుకొచ్చినవాణ్ని తెల్లకాగితాల కట్ట తెమ్మంటారు. క్రషర్ యజమాని డీజిల్ కొట్టిస్తాడు. కొన్నాళ్లకు అతని టిప్పర్ పట్టుబడితే వదిలేయమని ఫోనొస్తుంది. ఇందులో స్టేషన్‌కు పోయిందెంత, ఇంటికి పోయిందెంత? రసీదు లేని లెక్క కనుక తేల్చలేం, నిజంగా తినేవాడికి అదే అండ.

పని గంటలూ అంతే. 2019లో రాష్ట్రంలో పోలీసులకు వారానికో సెలవు ప్రకటించారు; సిబ్బంది కొరతతో అది నిలకడగా అమలు కాలేదు.

ఇక పోస్టింగ్ ఎమ్మెల్యే సిఫార్సు లేఖతో వస్తే జీతం ఎంత పెంచినా ఎస్సై ఎవరి మాట వినాలో ముందే తేలిపోతుంది. స్టేషన్ అధికారికి కనీసం రెండేళ్లు ఒకేచోట అవకాశం ఇవ్వాలని సుప్రీంకోర్టు పోలీసు సంస్కరణలపై నడిచిన ప్రకాశ్ సింగ్ కేసులో ఆదేశించింది 2006లో. ప్రభుత్వం మారిన ప్రతిసారీ సీమలో ముందు కదిలేది సర్కిల్ ఇన్‌స్పెక్టర్ల బదిలీల జాబితానే.